కన్నె స్వామికి భిన్నాలు

1998 నవంబరు. మండపేట నుంచి బస్సులో అరగంట దూరంలో, పంట కాలవ పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. అక్కడ నేను లెక్కల టీచర్ని. పేరు మార్తమ్మ. పదో తరగతి బి సెక్షన్ నా బాధ్యత. బాధ్యత అనడం మర్యాద కోసం, అసలు మాట బెడద. చదివే పిల్లలు ఎ సెక్షన్లో, మిగిలినవాళ్లు బి సెక్షన్లో అన్న విభజన మా స్కూల్లో ఎప్పటినుంచో ఉంది. ఫలితాలు వచ్చినప్పుడు మాత్రం రెండు సెక్షన్లూ కలిపి శాతం కట్టి, తగ్గినదానికి లెక్కల టీచర్ని నిలదీస్తారు.

మా వృత్తి తెలియనివాళ్లకి ముందుగా ఒక సంగతి చెప్పాలి. లెక్కల టీచరు రోజంతా వినే అబద్ధం ఒకటుంది. బోర్డు మీద లెక్క పూర్తి చేసి, చేతికంటిన సుద్ద దులుపుకుని, వెనక్కి తిరిగి "అర్థమైందా?" అంటాం. క్లాసు క్లాసంతా ఒకే గొంతుతో "అర్థమైంది టీచర్" అంటుంది. గంగిరెద్దుల్లా తలలు కూడా ఊపుతారు. మర్నాడు అదే లెక్క అంకెలు మార్చి ఇస్తే ఒక్కడికీ రాదు.

ఈ అబద్ధాన్ని పట్టుకోవడానికి కొందరు బెత్తం వాడతారు. నేను బెత్తం ముట్టను. మా నాన్న చర్చి బడిలో ఉపదేశకుడిగా పనిచేశాడు. ఆయన బెత్తం నాకు బాగా పరిచయం. దేవుడు తన పోలికలో చేసిన పిల్లాడి వీపు మీద వాతలు పెట్టే అధికారం నాకు లేదని నా నమ్మకం. అందుకని నా పద్ధతి వేరు. రోజుకొకరిని బోర్డు దగ్గరికి పిలుస్తాను. నిన్నటి లెక్కే ఇస్తాను. రాకపోతే తిట్టను, వచ్చేదాకా అక్కడే ఉంచుతాను, నేనూ పక్కనే నిలబడతాను. బెల్లు కొట్టినా సరే. ఇది ఎంతో దయగల పద్ధతని నాకు గట్టి నమ్మకం. పిల్లలు మాత్రం "రెండు దెబ్బలు కొట్టి వదిలేయండి టీచర్" అని బతిమాలేవారు.

కార్తీకం రాగానే నా క్లాసు వెనక బెంచీలు నల్లబడ్డాయి. ఏడుగురు కుర్రాళ్లు అయ్యప్ప మాల వేసుకుని, నల్ల లుంగీలు, నల్ల చొక్కాలు, నుదుట విభూతి, కాళ్లకి చెప్పుల్లేకుండా వచ్చి కూర్చున్నారు. అందులో ఒకడు దొరబాబు. మొదటిసారి మాల వేసుకున్నాడు కనక కన్నె స్వామి. పొడుగ్గా, సన్నగా, గోళ్ల సందుల్లో ఎప్పుడూ గ్రీజు మరకతో ఉండే కుర్రాడు. అంతకుముందు వారమే అతన్ని బోర్డు దగ్గరికి పిలుస్తానని హెచ్చరించాను.

ఆ సాయంత్రం స్టాఫ్ మీటింగులో హెడ్మాస్టరు శాస్త్రిగారు గొంతు సవరించుకున్నారు. "దీక్షలో ఉన్న పిల్లల్ని ఎవరూ కొట్టకండి, తిట్టకండి. మార్తమ్మగారూ, మీరు బోర్డు దగ్గరికి కూడా పిలవకండి."

"పిలిస్తే దోషం ఏంటండీ?"

"దోషం ఏమీ లేదమ్మా. స్వామి లెక్క రాక నలుగురిలో తెల్లమొహం వేస్తే చూసేవాళ్లకి బాగుండదు. ఎందుకొచ్చిన గొడవ. పైగా మీరు..." అని ఆగిపోయారు.

"పైగా మీరు" తరవాత ఏం వస్తుందో ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ నాకు తెలుసు. ఆ మాట నా ముఖం మీద ఎవరూ పూర్తి చెయ్యరు. అలా సగంలో వదిలేయడం వాళ్ల దృష్టిలో మర్యాద. పరీక్షలకి నాలుగు నెలలు కూడా లేవు, ఏడుగురికి లెక్క అడగకుండా సెలవిచ్చేశారు. పాపం శాస్త్రిగారు మరుసటి జూన్‌లో రిటైరవుతున్నారు, అప్పటిదాకా చీమ చిటుక్కుమనకుండా ఉంటే చాలు ఆయనకి.

అలవాటు ఒక్కరోజులో పోదు కదా. మర్నాడు పక్కవాడితో కబుర్లాడుతున్న దొరబాబుని "ఒరేయ్ దొరబాబూ, ఇటు చూడు" అన్నాను. సాయంత్రానికల్లా వాళ్ల నాన్న వీర్రాజుగారు స్కూలుకి వచ్చేశారు. ఊళ్లో పెద్ద రైతు, సొంత ట్రాక్టరు, పైగా మా స్కూలు విద్యా కమిటీకి ఛైర్మన్, అంటే తల్లిదండ్రుల తరఫున స్కూలు బాగోగులు చూసే పెద్ద. మనిషి మర్యాదస్తుడే. గుమ్మం బయటే నిలబడి మాట్లాడారు.

"టీచరుగారూ, తప్పుగా అనుకోకండి. మాల వేసుకున్నాక పేరెట్టి పిలవకూడదండి. ఒరేయ్ అని అసలు అనకూడదు. ఇంట్లో నేనే వాణ్ణి స్వామీ అంటున్నానండి. మీకు తెలీదు లెండి."

"అలాగేనండి, స్వామి అనే పిలుస్తాను. మరి స్వామిగారికి లెక్కలు రావడం లేదు. ఆ సంగతి ఏం చేద్దామండీ?"

"లెక్కలు మా వంశంలోనే లేవండి. నాకూ పదో క్లాసు లెక్కల్లోనే పోయింది. మావాడే అడిగి మరీ మాల వేయించుకున్నాడండి, భక్తి కుదిరింది. ఇంక ఆ అయ్యప్పే గట్టెక్కించాలి. ఈసారి తప్పితే పుస్తకాలు మూయించేసి ట్రాక్టరు ఎక్కించేస్తానండి. రెండోసారి పరీక్ష ఫీజు కట్టే పని లేదు."

"పరీక్ష రాసేది అయ్యప్ప కాదు కదండీ" అన్న మాట నోటిదాకా వచ్చింది. అదే మాట శాస్త్రిగారు అంటే చమత్కారం. నేను అంటే మర్నాటికి ఊరంతా ఎన్ని రూపాలెత్తుతుందో తెలుసు. కాబట్టి మింగేశాను.

సరే, స్వామి అన్నాను. రోజూ అన్నాను. "స్వామీ, కిటికీలోంచి కాదు, బోర్డు వైపు చూడండి" అన్నాను. అతను నన్ను "మాతా" అనేవాడు, దీక్షలో ఆడవాళ్లని అలాగే పిలవాలి కనక. మా చర్చికి వచ్చే ఇద్దరు ఆడపిల్లలు అదే క్లాసులో ఉన్నారు. ఆదివారం ఆరాధన అయ్యేసరికి ఈ కబురు పాస్టరుగారి చెవిన పడనే పడింది. అందరూ వెళ్లాక నన్ను ఆపారు.

"టీచరమ్మా, వాక్యం తెలిసినదానివి. దీక్షలో ఉన్న కుర్రాణ్ణి స్వామీ అని పిలుస్తున్నావంట?"

"మరేమని పిలవమంటారు అయ్యగారూ?"

"పేరు పెట్టి పిలువు."

"పేరు పెట్టి పిలిస్తే వాళ్ల నాన్న వస్తారండి."

"అయితే పిలవకు."

"పిలవకుండా లెక్కలెలా చెప్పనండీ?"

అయ్యగారు కాసేపు ఆలోచించి, "ప్రార్థనలో పెడదాం" అన్నారు.

ఇంటికొచ్చి గిన్నెలు ఎంత చప్పుడు చేస్తూ కడిగానో పక్కింటివాళ్లని అడగాలి. నేను పిల్లాణ్ణి ఏమని పిలవాలి అన్నది హెడ్మాస్టరుకి సమస్య, ఛైర్మనుకి సమస్య, అయ్యగారికి సమస్య. ఆ పిల్లాడికి లెక్కలు రావడం లేదన్నది ఈ ముగ్గురిలో ఒక్కరికీ సమస్య కాదు. క్రిస్టియన్ టీచరు అనగానే అందరూ ఆవిడ నోటి వంకే చూస్తారు, ఏ దేవుడి పేరు ఎత్తిందా, ఏ దేవుడి పేరు ఎత్తలేదా అని. ఆవిడ చేతిలో సుద్దముక్క ఉందన్న సంగతి ఎవరికీ పట్టదు.

ఇక దొరబాబు సంగతి. ఎవరూ ప్రశ్న అడగరు, ఎవరూ లేపరు. వెనక బెంచీలో హాయిగా గోడకి చేరగిలబడి కునుకు తీసేవాడు. అది చూసి నాకు ఒళ్లు మండింది. నిజం చెప్పాలంటే ఆ కోపం నా తరఫున రాలేదు, అతని దేవుడి తరఫున వచ్చింది. మొక్కు అంటే ఏమిటో నాకు తెలుసు. ఈస్టరు ముందు నలభై రోజులు మాకు శ్రమ దినాలు. మా అమ్మ ఆ రోజుల్లో ఒంటిపూట తినేది, చాప మీద పడుకునేది, పక్కింటావిడతో పోట్లాట కూడా మానేసేది. ఈస్టరు మర్నాడే మళ్లీ మొదలుపెట్టేదనుకోండి, అది వేరే సంగతి. కానీ ఆ నలభై రోజులూ ఆవిడ నోట అబద్ధం వినలేదు. తెల్లవారుజామున లేచి చన్నీళ్లు పోసుకుని, నేల మీద పడుకునే దీక్షని ఈ కుర్రాడు నా క్లాసులో నిద్రకి అడ్డం పెట్టుకుంటున్నాడు. ఇంత పెద్ద మొక్కుకి ఇంత చిన్న వాడకమా అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం ఇంటికెళ్లి భిక్ష చేసి తిరిగొస్తుంటే వరండాలో ఆపాను.

"స్వామీ, ఒక్క మాట."

"చెప్పండి మాతా."

"దీక్షలో అబద్ధం ఆడొచ్చా?"

"ఆడకూడదు మాతా. గురుస్వామి గట్టిగా చెప్పారు."

"నిన్న వర్గ సమీకరణం చెప్పాను. అర్థమైందా అంటే అందరితో పాటు మీరూ అర్థమైంది అన్నారు. నిజంగా అర్థమైందా?"

అతని చెయ్యి మెడలో పూసల మీదికి పోయింది. "లేదు మాతా."

"అంతకుముందు చెప్పిన శ్రేఢులు?"

"లేదు."

"ఎప్పట్నుంచి అర్థం కావడం లేదు?"

"ఆరో క్లాసులో భిన్నాలు చెప్పారు కదండీ. అప్పట్నుంచి."

నేను వరండా మెట్టు మీద కూలబడ్డాను. ఆరో క్లాసు నుంచి పదో క్లాసు దాకా ఎంతమంది టీచర్లు "అర్థమైందా" అని అడిగి ఉంటారు, ఈ పిల్లాడు ఎన్ని వందలసార్లు "అర్థమైంది" అని ఉంటాడు. మేమందరం ఆ మాట నమ్మినట్టు నటించి పై క్లాసులోకి తోసేశాం.

"మరి మాల ఎందుకు వేసుకున్నారు స్వామీ?"

ఈసారి జవాబు త్వరగానే వచ్చింది. "మీరు బోర్డు దగ్గరికి పిలుస్తారని మాతా."

నా దయగల పద్ధతి మీద అంతకంటే పెద్ద వ్యాఖ్యానం ఇంకెవరూ చేయలేదు. నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు, తలనొప్పి మాత్రం వచ్చింది. పాసైతే ఏం చేద్దామనుకుంటున్నారని అడిగాను.

"ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదువుతానండి. దానికి టెన్త్ పాసవ్వాలంట. నాన్న ట్రాక్టరు తోలమంటున్నారు. నాకు తోలడం కాదండి, ఇంజను ఇప్పడం ఇష్టం."

అదీ సంగతి. మార్చిలో లెక్కలు తప్పితే ఈ పిల్లాడి జీవితం ట్రాక్టరు సీటు మీదికి పోతుంది, అతని మనసు ఇంజను దగ్గరే ఉండిపోతుంది. మధ్యలో ఉన్నవి భిన్నాలు.

"మీరు నాలుగింటికే లేస్తున్నారు కదా స్వామీ. పూజ అయ్యాక ఆరింటికి మా ఇంటికి రండి" అన్నాను. నీళ్లు నమిలాడు. మా ఇంట్లో చేపలు వండుతామని ఊరందరికీ తెలుసు, దీక్షలో ఉన్నవాడు అక్కడ ఎలా కూర్చుంటాడు. నాకే బుద్ధి లేకపోయింది. స్కూలు వరండాలో కూర్చుందామని మాట్లాడుకున్నాం.

మర్నాడు పొగమంచులో తడి జుట్టుతో, చలికి వణుకుతూ వచ్చాడు. పాఠం మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకోవడం నాకు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అలవాటు. పైకేమీ అనను. ఎవరికి చెప్పబోతున్నానో వాళ్లని తలుచుకుంటాను, అంతే. కళ్లు తెరిచేసరికి స్వామి కూడా కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నాడు. "మీరెందుకు మూసుకున్నారు? లెక్క చూడండి" అన్నాను.

రెండు రోజులు రొట్టెముక్కలు, జామకాయ ముక్కలు అని తంటాలు పడ్డాను. గోడకి చెప్పుకున్నట్టే ఉంది. మూడోరోజు అతని గోళ్లలో గ్రీజు చూసి, "అర పెద్దదా, తొమ్మిది బై పదహారు పెద్దదా?" అన్నాను.

"తొమ్మిది బై పదహారు పెద్దది మాతా" అన్నాడు తడుముకోకుండా.

"ఎలా తెలుసు?"

"పానా మీద రాసుంటదండి. అరంగుళం పానా ఆ నట్టుకి ఎక్కదు."

ఇంట్లో ట్రాక్టరు పానాలన్నిటి సైజులూ వేళ్లతో తెలుసు. అవే భిన్నాలని ఎవరూ చెప్పలేదు. మర్నాడు పానాల సంచీ తెమ్మన్నాను. పొద్దున్నే స్కూలు వరండాలో ఇనప చప్పుడు మొదలైంది. భిన్నాలయ్యాక రుణ సంఖ్యలు, అంటే మైనస్ అంకెలు. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందో చెప్పడం ఏ లెక్కల టీచరుకైనా తల ప్రాణం తోకకొచ్చే పని. "ట్రాక్టరుని వెనక్కి తిప్పి నిలబెట్టి, రివర్సు గేరు వేస్తే ఎటు పోతుంది?" అన్నాను. కాసేపు గాల్లో స్టీరింగు తిప్పి, "ముందు వెళ్తున్న వైపే పోద్ది మాతా" అన్నాడు. అని, తన మాటకి తనే ఆశ్చర్యపోయి నా వంక చూశాడు. ఆ చూపు కోసమే ఈ ఉద్యోగంలో ఉన్నాను. లేకపోతే ఎప్పుడో మానేసి కుట్టుమిషను పెట్టుకునేదాన్ని.

ఇక ఊరు ఊరుకుంటుందా. స్వామిని పొద్దున్నే పిలిచి క్రిస్టియన్ టీచరు మతం మార్చేస్తోందని ఒక వైపు పుకారు, టీచరమ్మ పొద్దున్నే లేచి స్వామికి సేవ చేస్తోందని మా చర్చి వైపు. ఒకరోజు ఆరున్నరకి గేటు దగ్గర మోటారు సైకిలు ఆగింది, వీర్రాజుగారు. ఆ వెనకే సైకిలు ఆగింది, అయ్యగారు. ఒకరినొకరు చూసుకుని ఇద్దరూ ఇబ్బందిగా నమస్కారాలు పెట్టుకున్నారు. ఒకే పని మీద వచ్చామని ఇద్దరికీ తెలిసినట్టుంది.

వీర్రాజుగారు కొడుకునే అడిగారు. "స్వామీ, ఇక్కడేం చెప్తన్నారు?"

"భిన్నాలు."

"ఇంకా?"

"రుణ సంఖ్యలు."

"ప్రార్థనలూ అవీ ఏమైనా చేయిస్తన్నారా?"

దీక్షలో ఉన్నవాడు, ఉన్నదున్నట్టు చెప్తాడు.

"మాత కళ్లు మూసుకుంటారు. నన్ను మూసుకోమనలేదు. నేను మూసుకుంటే లెక్క చూడమన్నారు."

అయ్యగారు నా వంక చూశారు. నువ్వు ప్రార్థన చేస్తుంటే పిల్లాడు కళ్లు మూసుకుంటే తెరవమన్నావా అన్నట్టు. అప్పటిదాకా పళ్ల బిగువున పట్టుకున్నదంతా తెగిపోయింది.

"వీర్రాజుగారూ, అయ్యగారూ, మీ ఇద్దరికీ కలిపి ఒకటే మాట. ఈ పిల్లాడికి ఆరో క్లాసు నుంచి భిన్నాలు రావు. అది మీ దేవుడి తప్పూ కాదు, మా దేవుడి తప్పూ కాదు, మా టీచర్ల తప్పు. ఇప్పుడు సగం వచ్చాయి. మీరిద్దరూ వెళ్తే మిగిలిన సగం కూడా చెప్తాను. ఎండెక్కితే వరండాలో కూర్చోలేం."

వీర్రాజుగారు నేల మీద పరిచిన పానాల వంక చూసి, "మా పానాలు ఇక్కడున్నాయా, నిన్నంతా వెతికానండి" అన్నారు. అయ్యగారు సైకిలు తిప్పుకుంటూ ఆగి, గొంతు తగ్గించి, "టీచరమ్మా, మావాడు కూడా తొమ్మిదో క్లాసులో లెక్కల్లో వీకే. వాణ్ణి కూడా పంపనా?" అన్నారు. ఏం చెయ్యను, పంపమన్నాను. ఆ కుర్రాడు రెండు రోజులొచ్చి మానేశాడు.

డిసెంబరు చివర్లో దొరబాబు ఇరుముడి కట్టుకుని శబరిమల వెళ్లొచ్చాడు. జనవరిలో, తిరుగు దారిలో మొక్కు తీర్చుకున్న గుండుతో, యూనిఫాంలో క్లాసుకొచ్చాడు. "అర్థమైందా?" అన్నాను. "అర్థమైంది టీచర్" అన్న కోరస్‌లో అతని గొంతు కూడా ఉంది. కళ్లు చూస్తేనే తెలుస్తోంది, ఏమీ అర్థం కాలేదు. పొద్దున్న రావడం కూడా మానేశాడు. ఎందుకు రావడం లేదంటే, "చలి టీచర్. అప్పుడంటే మాల ఉంది కదండీ" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. మాల తీయగానే నిజం కూడా తీసేసి చిలక్కొయ్యకి తగిలించాడు. రెండుసార్లు కబురు పెట్టాను, రాలేదు. ప్రీఫైనల్ పెట్టాం, అంటే పబ్లిక్ పరీక్షకి ముందు స్కూల్లో జరిపే రిహార్సలు. వందకి ఇరవై రెండు వచ్చాయి. పాసుకి ముప్పై అయిదు కావాలి. శాస్త్రిగారు ఆ పేపరు చూసి, "పోనీలెండమ్మా, మన ప్రయత్నం మనం చేశాం" అన్నారు. నాకు ఆ మాట వింటే ఇప్పటికీ మంటే.

ఫిబ్రవరిలో మాకు శ్రమ దినాలు మొదలయ్యాయి. నేను మధ్యాహ్నం తినడం మానేశాను. అందరూ క్యారియర్లు విప్పుకుంటుంటే స్టాఫ్ రూములో ఓ మూల కూర్చుని పేపర్లు దిద్దుకునేదాన్ని. ఒకరోజు దొరబాబు తన ప్రీఫైనల్ పేపరు తీసుకోవడానికి వచ్చాడు. మర్నాడు ఏదో నెపం పెట్టుకుని మళ్లీ వచ్చాడు.

"టీచర్, మీరు రెండు రోజుల్నుంచి తినట్లేదేంటండీ?"

"శ్రమ దినాలు. పండగ దాకా ఒంటిపూటే."

"కింద పడుకుంటారా?"

"పడుకుంటాను."

"అంటే మీరూ మాల వేసినట్టే కదండీ?"

"ఒకరకంగా అంతే."

అతను తలుపు వైపు ఒకసారి చూసి దగ్గరికొచ్చాడు. "అయితే మిమ్మల్ని ఒకటి అడుగుతానండి. నిజం చెప్పాలి. నేను పాసవుతానా?"

పరీక్షల ముందు ఈ ప్రశ్న ప్రతి పిల్లాడూ అడుగుతాడు. ప్రతివాడికీ నా దగ్గర ఒకటే జవాబు, "అవుతావు, దేవుడున్నాడు, ధైర్యంగా వెళ్లు." వాళ్లు చెప్పే "అర్థమైంది టీచర్"కి నేను తిరిగిచ్చే అబద్ధం అదే. ఆ పూట అది నోటికి రాలేదు.

"ఇప్పుడున్నట్టుంటే అవ్వవు" అన్నాను.

మొహం వాడిపోయింది కానీ కదల్లేదు. "మరి ఎలాగుంటే అవుతాను?"

కాగితం మీద రాసిచ్చాను. గ్రాఫు, త్రిభుజం నిర్మాణం, మాత్రికలు, సగటు, మధ్యగతం. భిన్నాలూ మైనస్ అంకెలూ వచ్చాయి కనక ఇవి వస్తాయి. రేఖాగణితంలో సిద్ధాంతాల జోలికి వెళ్లొద్దు, ఇప్పుడు టైము లేదు. రోజూ చేస్తే ముప్పై అయిదు దాటతావు, నలభై దాటవు అన్నాను.

"రేపట్నుంచి ఆరింటికి వచ్చేస్తానండి."

"నీకు మాల లేదుగా, చలి కదా?"

"మీకుంది కదండీ" అన్నాడు.

పరీక్షల ముందురోజు దాకా వచ్చాడు. చలి పోయింది, కోతలైపోయిన చేల మీద నుంచి దుమ్ము లేస్తోంది, ఇద్దరం గొంతులు చించుకున్నాం. ఒకే గ్రాఫుని పదేసి సార్లు తప్పు గీసి నన్ను ఏడిపించాడు. ఆకలి మీద ఉండేదాన్నేమో, ఆ రోజుల్లో నేను విసుక్కున్నంతగా ఎప్పుడూ విసుక్కోలేదు. అతను మాత్రం అర్థం కానప్పుడల్లా అర్థం కాలేదనే చెప్పాడు.

వేసవిలో ఫలితాలొచ్చాయి. లెక్కల్లో ముప్పై తొమ్మిది. వీర్రాజుగారు ఇంటిల్లిపాదినీ ట్రాక్టరు తొట్టెలో ఎక్కించుకుని అన్నవరం వెళ్లి వ్రతం చేయించుకొచ్చి, ఇదంతా అయ్యప్ప దయ, సత్యనారాయణస్వామి చలవ అని ఊరంతా ప్రసాదం పంచారు. మా ఇంటికీ పంపారు. ఆ ఆదివారం అయ్యగారు, మన టీచరమ్మ ప్రార్థనకి దేవుడు జవాబిచ్చాడని చర్చిలో సాక్ష్యం చెప్పేశారు. శాస్త్రిగారు తన పదవీ విరమణ సభలో బి సెక్షన్ ఫలితాలని తన క్రమశిక్షణ ఖాతాలో వేసుకున్నారు. పానాల సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

ఆ ఏడాది తరవాత నేను క్లాసులో "అర్థమైందా?" అని అడగడం మానేశాను. "ఎక్కడిదాకా అర్థమైంది?" అని అడుగుతాను. దానికి కోరస్‌గా జవాబు చెప్పడం కుదరదు. బోర్డు దగ్గర ఒక్కణ్ణే నిలబెట్టడమూ మానేశాను, ఇద్దరేసి వస్తారు. పరీక్షల ముందు పిల్లలు అడిగితే ఉన్నమాటే చెప్తాను, ఎలా అయితే పాసవుతారో కూడా చెప్తాను. దేవుడున్నాడు అన్న మాట ఆ తరవాతే అంటాను.

ఐటీఐలో చేరడానికి రాజమండ్రి వెళ్లే ముందు దొరబాబు మా ఇంటికొచ్చాడు. దీక్ష లేదు కనక లోపలికొచ్చి చేపల పులుసుతో అన్నం కూడా తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ అడిగాడు.

"టీచర్, నాన్నేమో అయ్యప్ప పాస్ చేయించాడంటున్నారు. మీ అయ్యగారేమో మీ ప్రార్థనంటున్నారు. మీరేమంటారండీ?"

"భిన్నాలు" అన్నాను.

నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆ వరండాలో ప్రతి ఉదయం కళ్లు మూసుకున్నప్పుడు నేను తలుచుకున్న పేరు అతనిదే. కానీ అప్పటికి శ్రమ దినాలు అయిపోయి చాలా రోజులైంది, ఆ మాత్రం అబద్ధం ఆడొచ్చు.